చివరి బండి పసుపు జాకెట్

నేను ఒక జాకెట్‌ని. మోటార్ సైకిళ్ళ మీద దూరాలు తిరిగేవాళ్ళు వేసుకునే రకం. ఈ మాట వినగానే మీ కళ్ళ ముందు నల్లటి తోలు, భుజాల మీద దళసరి మెత్తలు, వీపున రెక్కలు చాచిన గద్ద కనిపించి ఉంటాయి. క్షమించండి. నాకు గద్ద లేదు, మెత్తలూ లేవు. ఆ గొప్ప జాకెట్ల పైన తొడుక్కునే పల్చటి గుడ్డని నేను. నా రంగుని పసుపు అంటారు గానీ, అది పసుపుకి అన్యాయం. పండబోయే నిమ్మకాయలో ఎవరో బల్బు వెలిగించి వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. ఛాతీ మీద, వీపు మీద, చేతుల చుట్టూ వెండి పట్టీలు ఉంటాయి. దీపం పడితే అవి మెరుస్తాయి. పడకపోతే వట్టి బూడిద రంగు గుడ్డ ముక్కలు.

తడ దాటాక ఉన్న ఒక కుట్టు ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను కుట్టిన ఆడవాళ్ళు మధ్యమధ్యలో తల తిప్పి సున్నం గోడ వైపు చూసేవాళ్ళు. నా రంగుని అదే పనిగా చూస్తే కళ్ళు లాగుతాయట. పుట్టిన రోజునే అలాంటి మాట వింటే ఎవరికైనా బాధగానే ఉంటుంది. కానీ దూరం నుంచి కనపడడానికే నేను పుట్టాననీ, దగ్గర్నుంచి చూసి ముచ్చటపడడానికి కాదనీ తర్వాత తెలిసింది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు ఉంటారు కదా.

అక్కడి నుంచి విశాఖపట్నం, డాబాగార్డెన్స్‌లో బండి సామాను అమ్మే దుకాణానికి వచ్చాను. నన్ను వెనక వరసలో తగిలించారు. ముందు వరసంతా నల్ల జాకెట్లు. వచ్చినవాళ్ళందరూ వాటినే అడిగేవాళ్ళు. నాకు పనేమీ లేదు కాబట్టి చూస్తూ ఉండేదాన్ని. అప్పటిదాకా ఆఫీసుకి ఆలస్యమైనవాడిలా కంగారుగా ఉన్న మనిషి, నల్ల జాకెట్ తొడుక్కోగానే అద్దం ముందు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడతాడు. గొంతు కూడా ఒక మెట్టు దిగుతుంది. పక్కన కుర్చీలో కూర్చున్న భార్య, "చంకల దగ్గర పట్టేస్తోందండీ" అంటుంది. "అలాగే ఉండాలి, అదే దాని పద్ధతి" అంటాడు ఊపిరి బిగపట్టి. నాకు నవ్వు వచ్చేది. కానీ ఆ అద్దం ముందు ఆ కాస్తసేపూ అతని మొహంలో ఉండే సంతోషం ఎంత నిజమైనదో కూడా చూశాను. అందుకే ఎగతాళి చెయ్యను.

నన్ను అడిగి మరీ కొన్న మొదటి మనిషి పైడిరాజు గారు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. తెల్ల మీసం, పొట్టి మాట. తనలాంటి బండి పిచ్చివాళ్ళని పోగేసి ఒక రైడింగ్ బృందం నడిపేవారు. ఆదివారం తెల్లవారగానే బయల్దేరి ఎటైనా వెళ్ళి, సాయంత్రానికి ఇళ్ళకి చేరడం వాళ్ళ పని. అందరి కంటే ముందు ఆయన బండి ఉండేది. చిక్కంతా వెనక వచ్చేవాళ్ళతోనే. ఎక్కడ ఆగినా తలలు లెక్కపెట్టేవారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువో ఎక్కువో వచ్చేది. ఒకడు పొద చాటుకి వెళ్ళి ఉండేవాడు, ఇంకొకడు ఫొటోకి కొండ ఎక్కి ఉండేవాడు.

"క్రేన్ మీద కూకున్నోడికి కింద తలకాయలు లెక్కెట్టే పని లేదర్రా" అన్నారాయన ఒకరోజు, నన్ను గాల్లో దులిపి అందరికీ చూపిస్తూ. "అందర్నీ పంపేసి ఆఖర్న కదిలే పసుపు కోటు ఏసుకున్నోడు పక్కకి తప్పుకున్నాడా లేదా, అదే సూడాల. ఇకనించి మన పద్ధతీ అదే. ఇది ఏసుకున్నోడు ఆఖర్న వస్తాడు. ఎవడాగితే ఆడి ఎనక ఆగుతాడు. ఎవుర్నీ దాటడు. ఇది వచ్చిందంటే అందరూ వచ్చినట్టే. నేను బండి తీసేస్తాను."

అలా నేను చివరి బండి జాకెట్‌నయ్యాను. ఒకరి సొత్తుని కాదు. ఏ ఆదివారం ఎవరు చివర ఉంటే వాళ్ళ ఒంటి మీద ఉంటాను. ఆ రోజే పైడిరాజు గారి భార్య ఈశ్వరమ్మ గారు, కొత్త బట్ట కదా అని నా అంచుకి పసుపు రాయబోయారు. రాశారు, కనపడలేదు. మళ్ళీ రాశారు, అయినా కనపడలేదు. "ఇదేటి, పసుపు మీద పసుపు" అని ఆవిడే నవ్వుకుని, ఒక కుంకుమ బొట్టు పెట్టారు. అది మాత్రం నిలిచింది. ఎన్ని ఉతుకులు ఉతికినా లేత గులాబీ మచ్చగా ఇప్పటికీ ఉంది.

నా పదవి ఎవరికీ ఇష్టం లేదని తొందరగానే తెలిసింది. గుర్రాల లాంటి బండ్లు కొనుక్కున్న కుర్రాళ్ళు చివర రావడానికా కొనుక్కుంది? నా వంతు వచ్చిన ఆదివారం ఒకడికి నడుము నొప్పి, ఇంకొకడికి అత్తవారింట్లో వ్రతం. తప్పక వేసుకున్నవాడు కూడా మొదటి టిఫిను దగ్గరే నన్ను విప్పి కుర్చీకి తగిలించి, ఫొటోలన్నీ నల్ల జాకెట్‌తో దిగేవాడు. పైగా ఇంకో తలనొప్పి ఉండేది. రోడ్డు పనివాళ్ళు కూడా నా రంగే వేసుకుంటారు కదా, ఊళ్ళలో నన్ను చూసి జనం అర్జీలు పెట్టేవాళ్ళు. కాశీపట్నం దగ్గర జామకాయలు అమ్మే ముసలమ్మ ఒకావిడ అయితే నన్ను ఎవరు వేసుకుని కనపడినా వదిలేది కాదు. "ఏటి బాబూ, ఆ కలవర్టు సంగతేటి? వానొస్తే నాను అవతలికెలా ఎల్తాను?" అనేది. "మేం రోడ్డోళ్ళం కాదమ్మా" అంటే నమ్మేది కాదు. "అందరూ అదే మాట సెప్తారు" అనేది.

చివర ఉండడం వల్ల నేను లోకాన్ని వీపుల వైపు నుంచే చూశాను. మనుషుల మొహాల కంటే వీపులే ఎక్కువ నిజం చెబుతాయని నా అనుభవం. ముందు ఎవరైనా చూస్తున్నారంటే మొహం సర్దుకుంటారు. వీపుని ఎవరూ సర్దుకోరు. దిగులుగా ఉన్నవాడి భుజాలు, ఆకలి మీదున్నవాడి తొందర, పాట పాడుకుంటున్నవాడి హెల్మెట్ ఊగడం, అన్నీ నాకు తెలిసేవి. నా వెనక మాత్రం ఎప్పుడూ ఎవరూ లేరు. ఖాళీ రోడ్డే.

అన్నిటికంటే ఎక్కువగా నేను చూసింది కూర్మారావు మాస్టారి వీపు. డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాక మోటార్ సైకిల్ కొనుక్కున్నారు. హెల్మెట్ కింద మంకీ క్యాప్, మెడకి మఫ్లరు, చేతికి భార్య అల్లిన ఊలు గ్లోవ్స్. ఆ వేషం మీద కుర్రాళ్ళు వేసిన జోకులు ఆయన వినేవారు, నవ్వేవారు, మఫ్లరు మాత్రం తియ్యలేదు. అందరికంటే నెమ్మదిగా వెళ్ళేది ఆయనే. పైగా ఎక్కడపడితే అక్కడ ఆగేవారు. అరకు ఘాటీలో అయితే మరీను. కొండ మీద సొరంగాల్లోంచి కిరండోల్ రైలు వెళ్తుంటే, అది ఒక సొరంగంలో దూరి ఇంకో దాంట్లోంచి బయటికి వచ్చేదాకా బండి దిగి చూడాల్సిందే. చివరి బండివాడు కూడా ఆయన వెనక ఆగి, విసుగ్గా హ్యాండిల్ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉండేవాడు. మాస్టారు ఎన్నడూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు. అది గర్వం అనుకునేదాన్ని.

ఇప్పుడు నా జీవితంలో ముఖ్యమైన రోజు సంగతి చెబుతాను.

కార్తీకమాసం. అరకు ప్రయాణం. ఆ రోజు నా వంతు భార్గవది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు, మంచి వేగం ఉన్న మనిషి. కొత్తగా పెళ్ళయింది. భార్య యామినిని మొదటిసారి రైడ్‌కి తీసుకొచ్చాడు. ఆ అమ్మాయికి అన్నీ సంబరమే. హెల్మెట్ పట్టీ 'టిక్' మని పడే చప్పుడు బాగుందని రెండుసార్లు పెట్టి తీసింది. గ్లోవ్స్ వేసుకుని ఇడ్లీ తినబోయి తనే నవ్వుకుంది. దారిలో నేరేడుపండు రంగు చీర కట్టుకున్న ఒక పెద్దావిడ వీళ్ళ వేషాలు చూసి, "ఏటమ్మా, చంద్రమండలానికి ఎల్తన్నారా?" అంటే, "కాదమ్మా, అరకు. వచ్చేటప్పుడు అటు వెళ్తాం" అంది. నన్ను మొగుడి ఒంటి మీద చూసి, "మీరొక్కరే పసుపు రంగేంటి? కొత్త పెళ్ళికొడుకు అనా?" అని అడిగింది. అతను నవ్వేసి ఊరుకున్నాడు. అసలు కారణం చెప్పలేదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు చాలా మాటలు చెప్పుకుంటారు, అవసరమైనవి ఒకటి రెండు మిగిలిపోతాయి.

యామిని వేసుకున్నది ఎండాకాలపు జాకెట్. ఒళ్ళంతా జల్లెడలా రంధ్రాలు. ఆన్‌లైన్‌లో రంగు చూసి కొన్నారట. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కడం మొదలవగానే మంచు కమ్మింది. టైడ దగ్గరికి వచ్చేసరికి సన్నటి జల్లు కూడా తోడైంది. వెనక కూర్చున్న ఆ అమ్మాయి వణుకు భార్గవ వీపుకి తెలిసింది, నాకూ తెలిసింది. అప్పుడే ముందు మలుపులో మాస్టారు బండి ఆపి దిగారు. రైలు వస్తోంది మరి. చివరి బండి కాబట్టి మేమూ ఆగాం.

ఆ పక్కనే చెట్టు కింద సువర్చల గారు గ్లోవ్స్ పిండుకుంటూ నిలబడి ఉన్నారు. బ్యాంకులో పనిచేస్తారు, బృందంలో అందరికీ అక్క. యామినిని చూసి, "పెదాలు నీలంగా అయిపోయాయి. ఈ మాస్టారితో పాటు నువ్వూ రైలు చూస్తూ కూర్చుంటే గడ్డకట్టిపోతావు. నా వెనక ఎక్కు, డముకు దగ్గర వేడి కాఫీ తాగుదువుగాని. మీ ఆయన మెల్లగా వస్తాడు" అన్నారు, హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేస్తూ.

భార్గవకి నచ్చింది. యామిని ఎక్కి కూర్చున్నాక, ఆమె భుజాలు ఇంకా వణుకుతుండడం చూశాడు. ఏమీ ఆలోచించకుండా నన్ను విప్పి ఆమెకి తొడిగాడు. జిప్పు మెడదాకా లాగి, చలికి ఎర్రబడిన ముక్కుని వేలితో తాకాడు. నేను చాలామంది ఒంటి మీద ఉన్నాను గానీ, అంత ప్రేమగా ఎవరూ ఎవరికీ నన్ను ఇవ్వలేదు. ఆ క్షణంలో నాకు కూడా చాలా సంతోషంగా అనిపించింది. ఏం జరగబోతోందో నాకూ తట్టలేదు. సువర్చల గారు అద్దం వైపు చూడలేదు. మాస్టారు రైలు వైపు చూస్తున్నారు. బండి కదిలింది.

నేను పుట్టాక మొదటిసారి ఒకరిని దాటి ముందుకి వెళ్ళాను.

డముకు చేరేసరికి మంచు ఇంకా దట్టమైంది. అందరూ కాఫీలు ముగించి ఎదురుచూస్తున్నారు. మలుపు తిరిగిన బండి మీద నా రంగు కనపడగానే ఎవరో కేకేశారు, "పసుపొచ్చేసింది, పదండి పదండి." పైడిరాజు గారు అద్దంలో నన్ను చూశారు. చూసి, తృప్తిగా బండి తీసేశారు. ఆ వెనకే ఒక్కొక్కటీ కదిలాయి. సువర్చల గారు ఇంకా సైడ్ స్టాండ్ కూడా వెయ్యలేదు. పసుపొచ్చింది అంటే భార్గవ తన వెనకే వచ్చేసి ఉంటాడనుకున్నారు. "కాఫీ అరకులోనే తాగుదాంలే అమ్మడూ, గట్టిగా పట్టుకో" అని ఆవిడా కదిలారు.

ఇక యామిని సంగతి. ఆమెకి నా అర్థం తెలియదు. నేను ఆమెకి వెచ్చటి గుడ్డని, అంతే. అందరూ బయల్దేరుతున్నారంటే భర్త కూడా ఉన్నాడనే అనుకుంది. ముందు పోతున్న బండి మీద నల్ల జాకెట్, ఎర్ర హెల్మెట్ కనిపించాయి. భార్గవవీ అవే. ఇంకేం, దారి పొడుగునా ఆ వీపుకి చెయ్యి ఊపుతూనే ఉంది. ఒకసారి ఆ హెల్మెట్ పక్కకి తిరిగితే రెండు వేళ్ళతో గుండె బొమ్మ కూడా చూపించింది. వీపులు చూసి మనుషుల్ని గుర్తుపట్టే నాకు అది భార్గవ కాదని తెలుస్తూనే ఉంది. భార్గవ కుడి భుజం కొంచెం పైకి పెట్టి కూర్చుంటాడు. కానీ నాకు నోరేది?

గాలికొండ దగ్గర అందరూ ఆగారు. ఎర్ర హెల్మెట్ ఆయన హెల్మెట్ తీశాడు. నున్నటి గుండు, వీబూది రేఖలు. మర్రిపాలెంలో హోమియో డాక్టరు. "మీరు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. నా బండికేమన్నా అయిందేమో అనుకున్నానమ్మా" అన్నాడు పాపం, కంగారుగా.

యామిని ముందు సిగ్గుపడింది. తర్వాత చుట్టూ చూసింది. ఒక్కొక్క హెల్మెట్ కిందనుంచి ఒక్కొక్క కొత్త మొహం బయటపడుతోంది. "మా ఆయన ఏరీ?" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె వైపు కాదు, నా వైపు. పైడిరాజు గారు నెమ్మదిగా దగ్గరికి వచ్చి నా చేతి అంచు పట్టుకున్నారు.

"ఇది నీ మీదకెలా వచ్చిందమ్మా?"

"చలేస్తోందని ఆయనే ఇచ్చారు. ఎందుకండీ?"

చెప్పారు. ఆమెకి నా అర్థం ఆ రోజు అలా తెలిసింది. మొహంలో ఉన్న సంబరం అంతా ఒక్కసారిగా పోయింది. ఫోన్ తీసింది, ఘాటీలో సిగ్నల్ లేదు. కింద జారుడు రోడ్డు, లోయ, మంచు. మాస్టారి బండి, భర్త బండి, ఆ మంచులో ఎక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఇంతసేపూ అందరూ క్షేమం అని తను తెలియకుండానే చాటుతూ వచ్చింది. తన ఒంటి మీద నన్ను చూసుకున్న ఆ చూపు నేను మరిచిపోలేను. ఇన్నాళ్ళూ జనం క్షేమంగా ఉన్నది నా వల్లే అనుకుని లోలోపల కొంత మురిసిపోయేదాన్ని. ఆ మురిపెం అక్కడితో పోయింది.

"నేను వెళ్తాను" అంది యామిని.

"నువ్వొక్కదానివే ఏటి? అందరం ఎల్దాం" అన్నారు పైడిరాజు గారు.

బండ్లన్నీ వెనక్కి తిరిగాయి. ఈసారి సువర్చల గారి బండే ముందు, దాని మీద నేను. వెనక్కి వెళ్ళేటప్పుడు చివరి బండే మొదటి బండి అవుతుందని ఎవరం అనుకుని ఉంటాం. డముకు దాటి కొంత దిగాక, జొన్నపొత్తులు కాల్చే ఒకావిడ నన్ను చూసి రోడ్డు మధ్యకి వచ్చి ఆపింది. "రోడ్డాపీసమ్మా, మీ ఓళ్ళు ఇద్దరు కింద మలుపులో కూకున్నారు. బండి సెడిపోనాదట. బేగి ఎల్లండి" అంది. రోడ్డు ఆఫీసు కాదని ఈసారి ఎవరూ అనలేదు.

ఉన్నారు. పిట్టగోడ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మాస్టారి మఫ్లరు సగం ఆయన మెడకి, సగం భార్గవ మెడకి చుట్టుకుని ఉంది. మధ్యలో స్టీలు డబ్బా, అందులో చెగోడీలు. మాస్టారి బండి క్లచ్ తీగ తెగిపోయి ఆగిపోయిందట. ఆ మలుపులో జరిగింది తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పారు.

"బండి ఆగిపోయింది. మంచు. ముందు ఎవరూ లేరు. నాకేం భయం వెయ్యలేదు. ఎందుకంటే వెనక మనిషి ఉంటాడు. వచ్చి పక్కన ఆగాడు. చూస్తే నల్ల జాకెట్. పసుపేదోయ్ అన్నాను. మా ఆవిడకిచ్చానండీ అన్నాడు. అయితే మనమిద్దరం ఇప్పుడు లేనట్టే లెక్క నాయనా అన్నాను."

అప్పుడు తట్టిందట భార్గవకి, తను ఏం చేశాడో. మొహం పాలిపోయిందట. "నాకు చెగోడీలున్నాయి, నువ్వు వెళ్ళి మీ ఆవిడని చూసుకో, ఆ పిల్ల కంగారుపడుతుంది. కొత్త పెళ్ళికొడుకువి, నిన్ను ఎవరూ ఏమీ అనరు" అని మాస్టారు ఎంతో చెప్పారట. భార్గవ రెండుసార్లు లేచి నిలబడ్డాడట. బండి తాళం చేతిలోకి తీసుకున్నాడట. మళ్ళీ కూర్చున్నాడట. "చివరి బండి నాది మాస్టారూ" అన్నాడట.

అంటే నేను ఒంటి మీద లేనప్పుడే ఆ మనిషి అసలైన చివరి బండివాడయ్యాడు. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కొంచెం చిన్నతనంగానూ, చాలా సంతోషంగానూ ఉంటుంది.

యామిని బండి దిగింది. పరిగెత్తలేదు, ఏడవలేదు. నడిచి వెళ్ళి, నన్ను విప్పి, అందరి ముందూ మొగుడికి తొడిగింది. అతను చేసినట్టే జిప్పు మెడదాకా లాగింది.

"ఇది మళ్ళీ నాకివ్వకండి" అంది.

"మరి చలేస్తే?"

"వణుకుతాను."

పైడిరాజు గారు గట్టిగా తిట్టాలనే వచ్చారు. మీసం కింద మాటలు సిద్ధంగా ఉండడం నేను చూశాను. ఆ మాట విని ఏమనుకున్నారో, తన సంచిలోంచి క్లచ్ తీగ తీసి మాస్టారి బండి పక్కన చతికిలపడ్డారు. "చెగోడీలు అయిపోనాయా, నాకేవన్నా ఉంచినారా?" అని మాత్రం అడిగారు.

ఆ తర్వాత నా రోజులు మారాయి. నడుము నొప్పులు తగ్గిపోయాయి. నా కోసం వాళ్ళలో వాళ్ళు వంతులు వేసుకునేదాకా వచ్చింది. యామిని బండి నేర్చుకుంది, సొంతంగా ఒకటి కొనుక్కుంది. కొన్ని ఆదివారాలు భార్గవ, కొన్ని ఆదివారాలు ఆమె నన్ను వేసుకునేవాళ్ళు. మాస్టారు రైలు కోసం ఆగితే ఆమె హ్యాండిల్ మీద తాళం వేసేది కాదు. దిగి ఆయన పక్కనే నిలబడి తనూ చూసేది. ఒకరోజు అడిగింది, "మాస్టారూ, మీరు వెనక్కి ఎందుకు చూడరు?"

"ఎవరూ లేరేమో అని భయం ఉన్నవాడు చూస్తాడమ్మా. నాకెందుకు?" అన్నారాయన.

అది గర్వం కాదని అప్పుడు అర్థమైంది నాకు.

నా రంగుకి ఒక జబ్బు ఉంది. ఎండ పడేకొద్దీ చచ్చిపోతుంది. ఎండలో తిరగడానికే పుట్టినదానికి ఎండే శత్రువు కావడం ఏం న్యాయమో తెలియదు. ఏళ్ళు గడిచాక నేను పాత వెన్న రంగుకి వచ్చాను. ఒక మంచు ఉదయం పైడిరాజు గారు అద్దంలో నన్ను వెతుక్కోవాల్సి వచ్చింది. "కళ్ళు పోతున్నాయేమో అనుకున్నాను. కాదు, ఇదే పోతంది" అన్నారు ప్రేమగానే.

కొత్తది వచ్చింది. నిప్పులాంటి నారింజ రంగు. ఎస్.కోటలో అందరూ టిఫిను చేసే హోటల్లోనే దాని ఆరంభం. ఈశ్వరమ్మ గారు పొట్లంలో పసుపు కుంకుమ పంపారు. యామిని దాని అంచుకి పసుపు రాసింది. ఈసారి పసుపు బాగా కనిపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను మడతపెట్టి కుర్చీ వీపున వేశారు. పెసరట్టు ఉప్మా వచ్చింది. నవ్వులు, ఫొటోలు. తర్వాత బండ్ల చప్పుడు. తర్వాత ఆ చప్పుడు సన్నబడడం. తర్వాత ఏమీ లేదు.

నన్ను మరిచిపోయారు.

కోపం రాలేదు. కొత్తది కనపడుతుంది, నేను కనపడను, అంతే కదా. హోటలాయన వచ్చి నన్ను వేళ్ళతో నలిపి చూశాడు. "నీళ్ళు బానే పీలుస్తాదిరా, బల్లలు తుడవడానికి పనికొస్తాది" అన్నాడు లోపలికి. సరే, అదీ ఒక పనే అని మనసు సరిపెట్టుకుంటున్నాను. ఆయన ఇంకా నన్ను చేత్తో పట్టుకునే ఉన్నాడు. దూరంగా ఒక బండి చప్పుడు వినిపించింది. ఎంత నెమ్మదిగా వస్తోందంటే, ఆ బండి ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు దిగారు, మంకీ క్యాప్‌తో సహా. ఆయన వెనకే నారింజ జాకెట్ వేసుకుని యామిని వచ్చి ఆగింది. ఆయన వెనక్కి తిరిగితే చివరి బండి కూడా వెనక్కి తిరగాల్సిందే, పద్ధతి అది. కొండ మీద ఎక్కడో బృందం అంతా ఆ నారింజ రంగు కోసం చూస్తూ ఆగిపోయి ఉంటుంది.

"ఏం మరిచిపోయారు మాస్టారూ?" అంది యామిని.

"మరిచిపోవడం కాదమ్మా. ఒకరిని వదిలేశాం" అన్నారాయన. హోటలాయన చేతిలోంచి నన్ను తీసుకుని, దులిపి, "ఇది మా మనిషండీ" అన్నారు.

ఇప్పుడు నేను మాస్టారి బండి వెనక సీటు మీద ఉంటాను. రెండు చేతులూ సీటు కింద ముడివేసి, వీపు బయటికి ఉండేలా కట్టారు. నా రంగు చచ్చిపోయింది గానీ వెండి పట్టీలు బతికే ఉన్నాయి. ఆ రోజు మళ్ళీ ఘాటీ ఎక్కుతుంటే మంచు దిగింది. యామిని హెడ్‌లైటు వేసింది. ఆ వెలుగు వచ్చి నా వీపు మీద పడింది. పట్టీలు మెరిశాయి. ఆ వెలుతురు మలుపు మలుపుకీ నాతోనే వస్తోంది.

ఇన్నేళ్ళలో నన్ను కనిపెట్టుకుని నా వెనక ఒకరు రావడం అదే మొదటిసారి. కాస్త ముందు, సొరంగం దగ్గర రైలు కూత వినపడింది. మాస్టారు బండి పక్కకి తీసి ఆపారు. వెనక బండి కూడా ఆగింది. మేం ముగ్గురం రైలు చూశాం.